తొమ్మిది మసి కాగితాలు

ఖండం మొత్తానికీ చరిత్ర రాస్తున్న పెద్దమనిషి సోమవారం పదింటి బస్సు దిగి, గేటు పక్కన వంగి కడుపులో ఉన్నదంతా వదిలించుకుని, మొహం తుడుచుకుని, అప్పుడు తలుపు కొట్టాడు. డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్న ఆమె ఇదంతా చూసింది. కొండ రోడ్డుకి పదిహేడు మలుపులు. కొత్తవాళ్ళెవరూ పద్నాలుగో మలుపు దాటాక మర్యాదగా ఉండలేరు. ఆమె ఏమీ చూడనట్టే కిందికి దిగి, ముందు నిమ్మకాయ నీళ్ళు కలిపింది. చరిత్ర సంగతి తర్వాత.

ఆయనకి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో మూడువందల ఏళ్ళు. మూడు శతాబ్దాలుగా ఈ ఖండంలో పేలిన అగ్నిపర్వతాలూ, వచ్చిన భూకంపాలూ అన్నీ ఒకే పుస్తకంలోకి ఎక్కించే పని హెడ్డాఫీసు ఆయనకి అప్పగించింది.

"ఖండం మొత్తం మీద ఇంత చల్లటి కేంద్రం ఇదేనమ్మా" అన్నాడు గ్లాసు ఖాళీ చేసి. గంట తిరక్కుండానే, ఖండం మొత్తం మీద మంచి భూతద్దాలు ఎక్కడ దొరుకుతాయో, ఖండం మొత్తం మీద ఎలకలు ఎన్నేళ్ళ రికార్డులు తిన్నాయో కూడా చెప్పాడు. ఆమె మనసులోనే ఆయనకి ఖండంగారని పేరు పెట్టేసింది.

భూకంప నమోదు కేంద్రమంటే పెద్ద భవనమేం కాదు. రెండు గదుల ఇల్లు, దాని గోడని ఆనుకుని యంత్రం గది. ఆమె భర్త అక్కడ ముప్పై ఒక్కేళ్ళుగా పరిశీలకుడు. ఈ శుక్రవారంతో రిటైర్మెంటు. పని చెప్పుకోడానికి చిన్నదే. రోజూ పొద్దున ఎనిమిదింటికి డ్రమ్ము మీది కాగితం మార్చాలి. నున్నటి తెల్ల కాగితం డ్రమ్ముకి చుట్టి, అంచుకి జిగురు రాసి అతికించి, కిరసనాయిలు దీపం పొగ మీద మెల్లగా తిప్పుతూ మసి పట్టించాలి. తర్వాత డ్రమ్ము తనంతట తాను తిరుగుతుంటే, సన్నటి ముల్లు ఆ నలుపు మీద తెల్లగీత గీసుకుంటూ పోతుంది. భూమి వణికితే గీత వణుకుతుంది. మర్నాడు కాగితం కోసి, మసి అంటని అంచు మీద తేదీ, టైమూ, గడియారం ఎన్ని సెకన్లు తప్పిందీ రాసి, సంతకం పెట్టి, మసి రాలిపోకుండా వార్నిష్ తొట్టిలో ముంచి, తాడుకి ఆరేయాలి. ఆ తాడూ బట్టల తాడూ ఒకటే కావడం వల్ల, ఆ ఇంట్లో తెల్లచొక్కా అనేది పెళ్ళి ఫోటోలో మాత్రమే మిగిలింది.

ఖండంగారికి కావలసినవి ఇరవయ్యొక్కేళ్ళ కిందటి కాగితాలు. కిటికీలోంచి కనిపించే ఆ కొండ పేలిన ఏటివి. ఆయన వచ్చింది వాటి కోసమేనని తెలిశాక భర్త లోపలికి వెళ్ళి చాలాసేపటికి రేకు పెట్టె తెచ్చాడు. చెంచా అయినా సరే చప్పుడు చేయకుండా కింద పెట్టలేని మనిషి, ఆ పెట్టెని బల్ల మీద మెత్తగా దింపాడు. "పెరట్లో పంపు కట్టేశానో లేదో" అని బయటికి నడిచాడు. పంపు కట్టేసే ఉంది. ఆమే కట్టింది.

గోడ మీద అద్దాల చట్రంలో ప్రశంసాపత్రం ఉంది. ఆపదను ముందుగా పసిగట్టి రెండు గ్రామాల ప్రజలను కాపాడిన పరిశీలకుడికి ఇచ్చినది. ఖండంగారు దాన్ని నిలబడి చదివాడు.

"అవతలి వాలులో ఏడుగురు పోయారు కదమ్మా."

"ఏడుగురు" అంది ఆమె. "అటువైపు వాళ్ళని కదిలించడానికి టైము చాల్లేదు."

పెట్టె విప్పుతూ ఆయన తన మూడువందల ఏళ్ళ గురించి చెప్పాడు. పాత రోజుల్లో యంత్రాలెక్కడివి. ఓ పన్ను వసూలు గుమాస్తా పైవాళ్ళకి ఉత్తరం రాశాడట, ఫలానా ఊళ్ళో పన్ను వసూలు కాలేదు, కారణం ఊరు లేదు, అని. ఒక విస్ఫోటనానికి ఖండం మొత్తం మీద ఆధారం ఆ ఉత్తరం ఒక్కటే. ఇంకోచోట బావులన్నీ ఒకే రోజున ఎండిపోయాయని ఒక మంత్రసాని ఎవరిచేతో రాయించి పెట్టింది. ఒక ఓడలో వంటవాడు సముద్రం మీద తేలే రాళ్ళు చూసి, వాటితో గిన్నెలు తోమాడు.

"బాగా తోముకున్నాయా?" అంది ఆమె.

"అది రాయలేదమ్మా."

"రాయాల్సింది. ఆ మంత్రసాని పేరు?"

"అదీ రాయలేదు. ఎవరూ అడగలేదేమో."

సాయంత్రం టీ తీసుకుని వెళ్ళేసరికి ఖండంగారి వాలకం మారిపోయింది. బల్ల మీద తొమ్మిది నల్లటి కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. చేతిలో భూతద్దం. భర్త ఎదురుగా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష తప్పానని తెలిసి ఫలితాల కోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు.

"కొండ పేలడానికి తొమ్మిది రోజుల ముందు నుంచీ ఈ వణుకుంది" అన్నాడు ఖండంగారు, మెల్లగా, కాగితం మీద వేలు ఆనకుండా. "చూడండి. రెండేసి సెకన్లకొక అల, గీసినట్టు సమంగా. పావుగంట వస్తుంది, ఆగుతుంది. రెండు గంటల తర్వాత మళ్ళీ. రోజుకి ఆరేడుసార్లు. ఖండం మొత్తం మీద ఇంత శుభ్రమైన ముందస్తు సంకేతం నేను చూడలేదు."

ఆమె ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగింది. నల్లటి కాగితం, తెల్లటి అలలు. ఒక కాగితం అంచు మీద, గడియారం నాలుగు సెకన్లు వెనక, అని రాసి ఉంది. ఆ అక్షరాలు ఆమెవి. కింద సంతకం భర్తది.

"ఒక్కటే అర్థం కావడం లేదండీ" అన్నాడు ఖండంగారు. అడగడానికి ఇబ్బందిపడుతున్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీరు టౌనుకి ఫోన్ చేసింది తొమ్మిదో రోజున. ఎనిమిది రోజులు ఎందుకు ఆగారు?"

భర్త ఆమె వైపు చూడలేదు.

"నేను గమనించలేదు. తప్పు నాదే" అన్నాడు.

"నేను అలాగే రాయాల్సి వస్తుంది."

"రాయండి."

ఆమె టీ కప్పులు బల్ల మీద పెట్టింది. ఒక కప్పు పళ్ళెంలోకి ఒలికింది. ముప్పై ఏళ్ళ కాపురంలో భర్త తప్పు నాదేనని ఒప్పుకోవడం ఆమె వినడం అదే మొదటిసారి. అదీ ఆయన చేయని తప్పు.

మంగళవారం పొద్దున ఖండంగారు ముందుగదిలోంచి టౌనుకి ఫోన్ చేసి వచ్చి, ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. దక్షిణాన పెద్ద కొండ ఒకటి రెండు నెలలుగా పొగలు కక్కుతోంది. దాని కింద నలభై వేలమంది. ఖాళీ చేయించాలా, ఎప్పుడు చేయించాలి అని అక్కడి అధికారులు రోజూ అడుగుతున్నారు. ఊరికే కదిలిస్తే జనం తిడతారు, కదిలించకపోతే ఎవరూ మిగలరు.

"ఇన్నాళ్ళూ జవాబు లేదమ్మా. ఇప్పుడుంది. ఈ వణుకు మొదలైతే తొమ్మిది రోజులు టైమున్నట్టు. మొదలవకపోతే భయం లేనట్టు. గురువారానికి రిపోర్టు అందాలి."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "తొమ్మిది రోజులని నమ్మి కూర్చుంటారా వాళ్ళు?"

"మరి ఆధారం ఉంది కదమ్మా."

ఖండంగారు స్నానానికి వెళ్ళగానే ఆమె యంత్రం గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. భర్త కొత్త కాగితానికి పొగ పట్టిస్తున్నాడు. డ్రమ్ము తిప్పే చెయ్యి ఒకే వేగంతో కదులుతోంది, ముక్కు చివర ఒక మసి చుక్క. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు. తలుపు దభాలున వేయకూడదు. తుమ్ము వస్తే బయటికి పరిగెత్తాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమెకి నేర్పిన మొదటి మూడు విషయాలు అవి.

"ఏమండీ, నిన్న అలా ఎందుకన్నారు?"

"ఎలా?"

"గమనించలేదని. మీరసలు ఊళ్ళోనే లేరు కదా."

ఆయన దీపం వత్తి తగ్గించాడు. ఆ తొమ్మిది రోజులూ ఆయన రెండువందల మైళ్ళ అవతల ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన ఉన్నాడు. సెలవు చీటీ పంపి, జవాబు కోసం ఆగకుండా బస్సెక్కాడు. సెలవు ఇవ్వడానికి వీలుపడదన్న ఉత్తరం పన్నెండో రోజున వచ్చింది. అప్పటికి కొండ పేలిపోయింది, తండ్రి పోయాడు, ఆయన తిరిగొచ్చి తొమ్మిది కాగితాల మీదా సంతకాలు పెట్టేశాడు.

"మరేం చెప్పమంటావు?" అన్నాడు. "మా ఆవిడ మూడు నెలల పిల్లతో ఒక్కతే ఉంది, కాగితాలు మార్చడం వరకే నేర్పాను, గీత చదవడం నేర్పలేదు, అని చెప్పనా? ఆ ఏడుగురినీ నీ తలకి చుట్టనా?"

"అంటే ఆ వణుకు మీరు అప్పుడే చూశారా?"

"తిరిగొచ్చిన రోజే చూశాను."

"ఇరవయ్యొక్కేళ్ళలో నన్ను ఒక్కమాట అడగలేదు."

"అడిగి ఏం చేయను? నువ్వు చేసింది నీకు చేతనైనంత. వదిలిపెట్టి పోయింది నేను." ఆయన డ్రమ్ము ఎత్తి ఇరుసు మీద కూర్చోబెట్టాడు. ముల్లు నెమ్మదిగా దింపాడు. "మూడు రోజులు ఓపిక పట్టు. శుక్రవారంతో అయిపోతుంది. ఆ పుస్తకం కొని చదివేవాళ్ళెవరు?"

ఆమెకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఇరవయ్యొక్కేళ్ళుగా ఈ మనిషి తనని క్షమిస్తూ పక్కన పడుకున్నాడు, తనకి కబురే లేదు. పప్పులో ఉప్పెక్కువైన రోజున కూడా ఏమీ అనకుండా తిని లేచిపోయేది ఇందుకా అనిపించింది. ఉప్పు విషయం ఇప్పుడే తేలేది కాదు.

ఆమె వంటింట్లో స్టూలు వేసుకుని అటక మీదకి చెయ్యి చాపింది. పాత పరుపుల వెనక, బూజు పట్టి, ఉయ్యాల ఉంది. చెక్క చట్రానికి మందపాటి గుడ్డ, నాలుగు తాళ్ళు. కిందికి దించి, గుడ్డ విప్పి, రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, మసి కాగితాల పక్కన ఆరేసింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న ఖండంగారు చూసి, "మనవలెవరైనా వస్తున్నారా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ. రేపు మీకే పని ఉంది దాంతో" అంది.

బుధవారం ఎనిమిదింటికి కాగితం మార్చి భర్త బజారుకి వెళ్ళాడు. ఆయన మలుపు తిరిగేదాకా చూసి, ఆమె చెప్పులు విప్పి యంత్రం గదిలోకి ఉయ్యాల తీసుకుపోయింది. కప్పు దూలానికి ఇనప కొక్కెం ఉంది. యంత్రం తెచ్చిన రోజున బరువులెత్తడానికి బిగించినది. ఆ దూలాన్ని మోసే స్తంభం పాతుకున్నదీ, యంత్రం దిమ్మె నిలబడ్డదీ ఒకే రాతిలో. ఆమె తాళ్ళు కొక్కేనికి తగిలించి, ముళ్ళు లాగి చూసుకుంది. చేతులకి ముడి గుర్తుంది. ఇక బరువు కావాలి. మూడు నెలల పిల్ల, ఆరు కేజీలు. అలమారలోంచి భర్త రాసిన రిజిస్టర్లు నాలుగు తీసి పడుకోబెట్టింది. కొంచెం ఎక్కువే తూగాయి. ఆయన రాతలెప్పుడూ అంతే.

"బాబూ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

ఖండంగారు గుమ్మంలో ఆగి, ఉయ్యాలనీ రిజిస్టర్లనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఈ కేంద్రంలో ఒంటరితనం ఎక్కువై ఏదైనా అయిందేమోనన్న అనుమానం ఆయన మొహంలో స్పష్టంగా ఉంది.

"మీరు నన్ను చూడకండి. ముల్లుని చూడండి" అంది.

ఊపింది. పాతకాలపు దూలం చిన్నగా కిర్రుమంది. రెండు సెకన్లకి ఒక ఊపు. తెల్లగీత మొదట ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అల లేచింది. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. సమంగా, గీసినట్టు.

ఖండంగారు చాలాసేపు వంగి ఉన్నాడు. భూతద్దం జేబులోనే ఉండిపోయింది. ఆమె ఊపుతూనే చెప్పింది.

"దాన్ని ఇంట్లో పడుకోబెడితే ఊరుకునేది కాదు. ఈ గడియారం టిక్కుటిక్కుమంటేనే నిద్ర. డ్రమ్ముకి ఆరుగంటలకోసారి కీ ఇవ్వాలి, దీన్నీ చూసుకోవాలి, పిల్లనీ చూసుకోవాలి. రెండు చేతులే ఉన్నాయి నాకు. ఇక్కడే కట్టేశాను. మనుషులు తుమ్మకూడని గదిలో ఉయ్యాల కట్టానంటే ఆయన బతకనిస్తారా? విప్పి అటక మీద పెట్టేశాను. ఊపితే ముల్లు ఊగడం చూశాను గానీ, దాన్ని ఎవరో భూకంపమనుకుంటారని నాకేం తెలుసు."

"ఆరోజుల్లో సారు..." అన్నాడు ఖండంగారు.

ఆమె ఊపు తప్పనివ్వలేదు. "ఆయనకి జ్వరం. లోపల పడుకుని ఉన్నారు. అన్నీ ఆయన చెబుతుంటేనే చేశాను. సంతకాలు ఆయనవే చూడండి."

"జ్వరం లేదు."

భర్త గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ సంచి. సగం దూరం వెళ్ళి, ఏం తెమ్మందో మరిచిపోయి, అడగడానికి వచ్చినట్టున్నాడు. కాళ్ళకి చెప్పులున్నాయి. విప్పలేదు, లోపలికీ రాలేదు.

"నేను ఊళ్ళోనే లేనండీ. సెలవు లేకుండా వెళ్ళాను. ఆ తొమ్మిది కాగితాల్లో ఒక్కటీ నేను మార్చింది కాదు. టౌనుకి ఫోన్ చేసిందీ నేను కాదు. రాసుకోండి" అన్నాడు.

ఆమె ఊపడం ఆపేసింది. రిజిస్టర్లు ఇంకో నాలుగుసార్లు ఊగి, నిలిచాయి. ముల్లు గీస్తున్న అల చిన్నదై, ఇంకా చిన్నదై, గీతలో కలిసిపోయింది.

"నిద్రపోయినప్పుడు కూడా ఇలాగే ఆగేది" అంది ఆమె.

ఖండంగారు ఏమనుకున్నాడో, గబగబా వెళ్ళి తొమ్మిది కాగితాలూ తెచ్చి కిటికీ దగ్గర పరిచాడు. "చదవండమ్మా" అన్నాడు.

గీత చదవడం నేర్పలేదని మంగళవారం భర్త అన్నాడు. ఇది నేర్చుకోవలసిన గీత కాదు. ఆమె కొంగుతో వేళ్ళు తుడుచుకుని మొదటి కాగితం మీదికి వంగింది. ఇదిగో, ఇక్కడ పదకొండింటికి నిద్రపోయింది. ఇక్కడ పావుగంటకే లేచింది, ఆరోజు కడుపునొప్పి. ఇక్కడ చాలాసేపు ఊపాను, చూడండి, అలలు వంకరపోయాయి, చెయ్యి మార్చుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం మంచి నిద్ర, ఒక్క అల కూడా లేదు. ఆ పూట నేనూ పడుకున్నాను. ఇక్కడ ఈ చిన్న గుర్తులు ఏమిటో తెలియదు. ఆ, తెలుసు. ఆరోజు వీపు తట్టాను.

భర్త ఎప్పుడు లోపలికి వచ్చాడో, ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు. కాళ్ళకి చెప్పులు లేవు. ఏ గీత ఎన్ని సెకన్లో ముప్పై ఒక్కేళ్ళు కొలిచినవాడు, కూతురు నవ్వడం నేర్చిన వారం తను చూడనిది మొత్తం ఆ నలుపు మీద ఉందని ఇప్పుడు చూస్తున్నాడు.

తొమ్మిదో కాగితం దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇక్కడ తెల్లవారు అయిదూ పది. ఊపుతున్నాను. ఇక్కడ నిద్రపోయింది." వేలు కొంచెం జరిపింది. "నేను ఊపడం ఆపేశాను. ముల్లు ఆగలేదు."

ఖండంగారు ఇప్పుడు భూతద్దం తీశాడు. ఆ చోటు నుంచి అలలు దగ్గరదగ్గరగా, పంటి గాట్లలా ఉన్నాయి. ఉయ్యాల అలల కంటే వేరు. రెండూ ఒకటే అనుకున్నన్నాళ్ళూ ఆ తేడా ఎవరికీ కనిపించలేదు.

"ఉయ్యాల పట్టుకుని చూశాను. కదలడం లేదు. తాళ్ళు పట్టుకున్నాను. అయినా ముల్లు గీస్తూనే ఉంది. పిల్లని చంకనేసుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. అవతలి మనిషి, ఆయనకివ్వండమ్మా అన్నాడు. ఆయన యంత్రం దగ్గర ఉన్నారు, కదలడానికి లేదు, జనాన్ని లేపమన్నారు, అని చెప్పాను. నేనంటే లేపరు కదా."

"పేలింది పదకొండుంపావుకి" అన్నాడు ఖండంగారు. వేళ్ళ మీద లెక్క కట్టాడు. "తొమ్మిది రోజులు కాదు. ఆరు గంటలు."

ఆయన లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, ఫోన్ ఉన్న ముందుగదిలోకి వెళ్ళాడు. దక్షిణానికి లైను కలవడానికి నలభై నిమిషాలు పట్టింది. అరుస్తున్న మాటలు యంత్రం గదిలోకి వినిపించాయి. సంకేతం కోసం ఆగకండి. ఆగితే ఆరు గంటలే ఉంటుంది. ఇప్పుడే కదిలించండి. తిడితే నన్ను తిట్టమనండి.

యంత్రం గదిలో భర్త ఉయ్యాలలోంచి తన రిజిస్టర్లు ఒక్కొక్కటీ తీశాడు.

"యంత్రం గదిలోనా" అన్నాడు చివరికి.

"అవును."

"నేను లేనని చూసి."

"ఉంటే కట్టనిస్తారా?"

ఆయన రిజిస్టర్లు చంకలో పెట్టుకుని కొక్కెం వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఎనిమిది రోజులూ ఏమీ లేదన్నమాట" అన్నాడు. "నేనున్నా ఏమీ కనిపించేది కాదు."

"లేదు. ఎనిమిది రోజులూ మీ కూతురే."

ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆమె ఆయన ముక్కు మీది మసి తుడిచింది. అది ఇంకా పాకింది. అలాగే వదిలేసింది.

శుక్రవారం పొద్దున బస్సుకి ముందే ఖండంగారు సంచులు సర్దుకున్నాడు. తన పట్టికలో ఆ సంవత్సరం కింద కొట్టివేతలు చేసి, కొత్తగా రాసింది ఇద్దరికీ చదివి వినిపించాడు. విస్ఫోటనానికి ముందు నిజమైన వణుకు ఆరు గంటల అయిదు నిమిషాలు. అంతకుముందు ఎనిమిది రోజుల అలలకి కారణం, ఉయ్యాల. పుస్తకం చివర భూకంపాలు కానివాటి జాబితా ఉంటుంది. క్వారీ పేలుళ్ళు, రైళ్ళు, పిడుగులు, పశువుల మందలు. అందులో ఇప్పటిదాకా ఉయ్యాల లేదు. ఖండం మొత్తం మీద.

"సారు సంతకాల సంగతి కూడా రాయక తప్పదు" అన్నాడు, నేల చూస్తూ. "హెడ్డాఫీసు సంజాయిషీ అడుగుతుంది."

"వాళ్ళ ఉత్తరం రావడానికి పన్నెండు రోజులు పడుతుంది" అన్నాడు భర్త. "ఆలోగా మంచి సంజాయిషీ ఆలోచిస్తాను."

ఎనిమిదయింది. ముప్పై ఒక్కేళ్ళలో ఆఖరి కాగితం. భర్త దాన్ని కోసి బల్ల మీద పరిచి, కలం తీసి, మూత విప్పి, ఆమెకి అందించాడు.

"ఇదెందుకు నాకు?"

"రాయి. ఆ తొమ్మిదింటి మీదా నా పేరు కొట్టేశాను. వాటి మీద సంతకాలు కూడా నువ్వే పెట్టాలి. ముందు ఇది."

ఆమె కుర్చీలో కూర్చుంది. తేదీ వేసింది. టైము వేసింది. పరిశీలకుల సంతకం అన్న చోట కొంచెంసేపు ఆగి, కరెంటు బిల్లు కట్టేటప్పుడు పెట్టే సంతకం కాకుండా, కాలేజీలో పెట్టిన పాత సంతకం, మొత్తం పేరుతో పెట్టింది. ఖండంగారు ఆ పేరుని చూసి తన పట్టికలో రాసుకున్నాడు. స్పెల్లింగు కూడా అడిగాడు.

ఆమె కాగితం ఎత్తి వార్నిష్ తొట్టి వైపు తిరిగింది.

"ఆగు" అన్నాడు భర్త.

ఆమె ఆగింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, రేడియో టైముకీ గడియారానికీ మధ్య తేడా చూసి, ఇన్నేళ్ళూ కింది ఉద్యోగి ఎవరైనా ఉండి ఉంటే వాడితో ఎలా మాట్లాడేవాడో అలా, మొహం గంభీరంగా పెట్టి అన్నాడు.

"మూడు సెకన్లు వెనక. రాయలేదు నువ్వు."

ఆమె కాగితం మళ్ళీ బల్ల మీద పరిచి, రాసింది.